వాగు దాటని పట్టభద్రురాలు

మద్ది చెట్లు దట్టంగా పెరిగిన ఒక పెద్ద అడవిలో, ఒక వాగుకు ఈ ఒడ్డున హైస్కూలు, ఆ ఒడ్డున విశ్వవిద్యాలయం ఉండేవి.

హైస్కూలు నిండా పిల్లలే. మూడు వందల మంది. విశ్వవిద్యాలయం నిండా గదులే. విద్యార్థులు పదకొండు మంది. అందులోనూ నలుగురు ఏడేళ్ళుగా ఒకే పరీక్ష రాస్తున్నవాళ్ళు.

విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ శిఖామణి అనే నెమలి. పట్టాలిచ్చే రోజున పురి విప్పి వేదిక మీద నిలబడటమంటే ఆయనకు ప్రాణం. ఆ ఏడు రాజుగారి కచేరీ నుంచి ఒక తాఖీదు వచ్చింది. వంద మంది విద్యార్థులు లేని చదువుల చోటు ఏదైనా సరే, మూసేస్తారట.

శిఖామణి గారికి నిద్ర పట్టలేదు. తెల్లారగానే వాగు మీదుగా ఎగిరొచ్చి హైస్కూలు హెడ్మాస్టరు ముందు వాలాడు. ఆ హెడ్మాస్టరు ఒక నక్క. పేరు జంబుకేశం.

"కొంప మునిగేలా ఉందండీ. పదకొండు మందితో ఏం చెయ్యను?" అన్నాడు నెమలి.

"నా దగ్గర మూడు వందల మంది ఉన్నారు కదండీ," అన్నాడు జంబుకేశం.

"వాళ్ళు మీ పిల్లలు."

"మీ పిల్లలు కూడా కావచ్చు. బళ్ళో ఉండగానే డిగ్రీ కోర్సులు చదివించేద్దాం. ఒకే తోక, రెండు హాజరు పట్టీలు. మీ గదులు నిలబడతాయి, మా బడికి పేరొస్తుంది."

"చిన్నపిల్లలు వాగు దాటి రావద్దూ?"

"వాళ్ళెందుకు రావడం? మీ లెక్చరర్నే ఇటు పంపండి. రెక్కలున్నవాడైతే చాలు."

నెమలి ఆనందం పట్టలేక అక్కడే సగం పురి విప్పాడు.

మర్నాటి నుంచి చిలక లెక్చరర్ రోజూ ఎగిరొచ్చి పాఠం చెప్పసాగాడు. ఆయన పాఠానికి చోటు కావాలి గనక టైంటేబుల్లో మూడో పీరియడ్‌ని జంబుకేశం కొట్టేశాడు. అది వాగు గంట. కమఠయ్య అనే తాబేలు మాస్టారు పిల్లల్ని వాగు ఒడ్డుకు తీసుకెళ్ళి, ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళకి వాగు దాటడం నేర్పే గంట. దుప్పి పిల్ల గెంతాలి, కొండముచ్చు ఊగాలి, నీటికుక్క ఈదాలి. వానాకాలంలో మేత కోసం పోయినా, ప్రాణం కోసం పరిగెత్తినా, ఆ అడవిలో వాగు దాటకుండా బతకడం కుదరదు.

కమఠయ్య మాస్టారు మెల్లగా నడుచుకుంటూ హెడ్మాస్టరు గదికి వెళ్ళాడు.

"హెడ్మాస్టరు గారూ, పిల్లలకి ఇంకా వాగు దాటడం రాలేదండీ."

"అది చిన్న విషయం మాస్టారూ. డిగ్రీలో 'వాగు దాటే శాస్త్రం' అని పెద్ద పేపరే ఉంది. అందులో అన్నీ వచ్చేస్తాయి."

"అది ఎక్కడ చెబుతారండీ? నీళ్ళలోనా?"

"నల్లబల్ల మీద."

కమఠయ్య మాస్టారు వెనుదిరిగాడు. ఆయనకిక పాఠం లేదు. ఆ గంటకి ఒక్కడే వెళ్ళి వాగులో కూర్చునేవాడు.

పదో తరగతిలో కపిల అనే పిల్ల ఉండేది. బెట్టుడుత. పిల్లి అంత ఒళ్ళు, ఒంటికి మించిన తోక ఉండే పెద్ద ఉడుత జాతి. క్లాసులో ఎప్పుడూ ఆమే ఫస్టు. వాగు మీదికి రెండు ఒడ్డుల నుంచీ రెండు చెట్ల కొమ్మలు వంగి ఉండేవి. మధ్యలో పన్నెండు మూరల ఖాళీ. బెట్టుడుతలు దాన్ని ఒక్క దూకులో దాటాలి. వాగు గంట ఎత్తేసే నాటికి కపిల మూడు మూరలు దూకడం నేర్చుకుంది.

డిగ్రీ కోర్సుకు ఎంపికైన వాళ్ళ జాబితాలో తన పేరు మొదట చూసుకుని కపిల ఎంతో సంబరపడింది. తల్లి అయితే చెట్టు చెట్టుకూ వెళ్ళి చెప్పింది.

"మా అమ్మాయి పదిలోనే డిగ్రీ చదువుతోందండీ."

"మా వాడు తొమ్మిదిలోనే," అంది కోతి వదిన అరటిపండు ఒలుచుకుంటూ. బెట్టుడుత తల్లికి ఆ పూట అన్నం సయించలేదు.

ఒకరోజు పాఠం మధ్యలో కపిల లేచి అడిగింది. "సార్, దూకేటప్పుడు తోక ఎలా పెట్టుకోవాలి?"

చిలక లెక్చరర్ ముక్కు చిట్లించాడు. "అవి కింది తరగతుల విషయాలమ్మా. బళ్ళో చెప్పేసి ఉంటారు."

సాయంత్రం హెడ్మాస్టరుని అడిగింది. "అది పై చదువులో వస్తుందమ్మా. తొందరెందుకు?" అన్నాడు జంబుకేశం.

క్లాసులో ఇంకెవరూ ఆ ప్రశ్న అడగలేదు. అందరికీ తెలిసిన విషయమేదో తనకొక్కదానికే తెలియదనుకుని కపిల సిగ్గుపడింది. నిజానికి మిగతా రెండు వందల తొంభై తొమ్మిది మందీ అదే అనుకుని నోరు మూసుకున్నారు.

పోనీ ఇంటి దగ్గరే దూకి చూద్దామని ఒక ఆదివారం కొమ్మ చివరికి వెళ్ళింది. తల్లి కేక పెట్టింది.

"దిగు! చెయ్యి విరిగితే పరీక్ష ఎవరు రాస్తారు?"

"నాకు దూకడం సరిగ్గా రాదమ్మా."

"ముందు డిగ్రీ రానీ. దూకడం ఎంతసేపు? మనకి పుట్టుకతో వచ్చేదే కదా."

ఆ రోజు నుంచి తినే పళ్ళు కూడా కపిల కూర్చున్న చోటికే వచ్చేవి.

పరీక్షలయ్యాయి. 'వాగు దాటే శాస్త్రం'లో కపిలకి తొంభై ఎనిమిది మార్కులు. పోయిన ఆ రెండు మార్కులూ ఎందుకు పోయాయో కనుక్కోవడానికి తల్లి రెండుసార్లు బడికి తిరిగింది. నెమలి గారు పురి పూర్తిగా విప్పి మూడు వందల మందికీ పట్టాలిచ్చాడు. ఆ సభ కూడా బడి ఆవరణలోనే జరిగింది.

శ్రావణంలో తనిఖీ వచ్చింది. ఇన్‌స్పెక్టరు భల్లం గారు, ఎలుగుబంటి. నిదానస్తుడు. ఒక్కొక్క పిల్లనీ వేలితో తాకి లెక్కపెట్టాడు. మధ్యాహ్నానికి మూడు వందలూ సరిపోయాయి. జంబుకేశం పెట్టించిన తేనె నాకి, మూతి తుడుచుకుని లేచాడు.

"సరే, విశ్వవిద్యాలయం కూడా ఇవాళే చూసేస్తాను. ఎగువన రాతి వంతెన ఉందిగా, దాని మీదుగా నడిచి వెళ్తా. ఒక గంట పడుతుందేమో."

ఆయన రేపు వెళ్తాడని జంబుకేశం అనుకున్నాడు. రాత్రికి రాత్రి పిల్లల్ని చుట్టూ తిప్పి అటు చేర్చాలన్నది ఏర్పాటు. ఎలుగుబంటి మలుపు తిరగ్గానే పిల్లలందర్నీ ఒడ్డుకు తోలాడు.

"ఇన్‌స్పెక్టరు గారు చేరేలోగా మీరు వాగుకి అడ్డంగా దాటి అక్కడ బెంచీల మీద కూర్చోవాలి. ఊఁ, కానివ్వండి!"

ఎవరూ కదల్లేదు. వాగు ఎర్రగా, సుడులు తిరుగుతూ పోతోంది.

"ఎలా దాటాలి సార్?" అంది ఒక దుప్పి పిల్ల.

"ఎలా ఏమిటి? ఆ శాస్త్రంలో అందరూ ఫస్టు క్లాసే కదా! కపిలా, నువ్వు ముందు."

కపిల కొమ్మ చివరికి వెళ్ళింది. రాసిన పంతొమ్మిది పేజీల జవాబూ అక్షరం పొల్లు పోకుండా గుర్తొచ్చింది. తోక ఎటు పెట్టాలో మాత్రం అందులో ఎక్కడా లేదు. అవతలి కొమ్మ మీద నుంచి చిలక లెక్చరర్ "కోణం! కోణం చూసుకో!" అని అరుస్తున్నాడు.

కపిల వెనక్కి తిరిగింది. "సార్, నాకు దూకడం రాదు."

ఆ మాట పదిమందిలో అనడం ఆమెకు అదే మొదటిసారి.

"తొంభై ఎనిమిది వచ్చినదానివి, రాదంటావేమిటి? నీ తర్వాత ఇంకా రెండు వందల తొంభై తొమ్మిది మంది ఉన్నారు. దూకు!"

అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి. కపిల కళ్ళు మూసుకుని దూకింది. సరిగ్గా నాలుగు మూరలు వెళ్ళి నీళ్ళలో పడింది.

పిల్లలు గోలున ఏడ్చారు. నీటికుక్క పిల్లలు కూడా ఒడ్డునే నిలబడి ఏడ్చాయి. సుడి కపిలని ఒకసారి మింగి ఒకసారి వదిలింది. మూడోసారి మునుగుతుంటే కాళ్ళ కింద రాయిలాంటిదేదో తగిలింది. అది కదిలింది.

"డిప్ప పట్టుకో. గట్టిగా. మాట్లాడకు," అన్నాడు కమఠయ్య మాస్టారు.

ఒడ్డున చేర్చేసరికి పిల్లల ఏడుపు విని ఎలుగుబంటి వెనక్కి వచ్చేశాడు. కబురు విని తల్లిదండ్రులూ పరిగెత్తుకొచ్చారు. కపిల తల్లి బిడ్డని ఒళ్ళో వేసుకుని తన తోకతో తుడుస్తోంది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు భల్లం గారు.

"పదో తరగతండీ. డిగ్రీ కూడా అయిపోయింది."

"ఎందులో?"

"వాగు దాటడంలో."

ఎలుగుబంటి వాగు వంక చూశాడు. నీళ్ళు కారుతున్న కపిల వంక చూశాడు. తర్వాత చంకలోంచి రెండు పుస్తకాలు తీశాడు.

"నా దగ్గర బడికో పుస్తకం, విశ్వవిద్యాలయానికో పుస్తకం ఉన్నాయి. ఒక తలకాయని ఒక్క పుస్తకంలోనే రాస్తాను. ఎందులో రాయమంటారు?"

జంబుకేశం నోరు తెరిచేలోపే తల్లిదండ్రులు అందుకున్నారు.

"విశ్వవిద్యాలయంలో రాయండి!" అంది కోతి వదిన. "డిగ్రీ వచ్చినవాణ్ణి మళ్ళీ తొమ్మిదో తరగతి అంటే మా పరువేం కావాలి?"

"అవునవును, అందులోనే!" అన్నాయి మిగతావన్నీ.

కపిల తల్లి ఒక్కతే తలెత్తలేదు. ఆమెని ఎవరూ అడగనూ లేదు.

ఎలుగుబంటి నిదానంగా రాసుకున్నాడు. విశ్వవిద్యాలయం, మూడు వందల పదకొండు. హైస్కూలు, సున్నా. రాసి, తాఖీదు ప్రకారం హైస్కూలు తలుపుకు అప్పటికప్పుడే లక్క ముద్ర వేసేశాడు.

జంబుకేశం వారం రోజులు ఊరికే తిరిగి, ఆఖరికి రాతి వంతెన మీదుగా నెమలి దగ్గరికి వెళ్ళాడు.

"ఏదైనా ఉద్యోగం ఇప్పించండి వీసీ గారూ. ఇదంతా నా ఆలోచనే కదా."

"తప్పకుండానండీ! మీ డిగ్రీ పట్టా ఇలా ఇవ్వండి."

జంబుకేశానికి డిగ్రీ లేదు. హైస్కూలు హెడ్మాస్టరుకి అది అక్కర్లేని రోజుల్లో చేరినవాడాయన. విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం ఆఖరి బెంచీలో, తన బడి పిల్లల వెనకాల, ఆయనకి చోటిచ్చారు. ఆ పిల్లలకి పాపం అందులో డిగ్రీ ఎప్పుడో అయిపోయింది. విశ్వవిద్యాలయం మూసెయ్యకుండా ఉండటానికి వాళ్ళని రోజూ వంతెన మీదుగా నడిపించి మళ్ళీ మొదటి నుంచి చదివిస్తున్నారు.

కమఠయ్య మాస్టారికి ఇక బడి లేదు, హెడ్మాస్టరూ లేడు. పొద్దున్నే వాగు ఒడ్డున ఎండ కాచుకుంటుంటే కపిల వచ్చి నిలబడింది.

"నాకు మొదటి నుంచి నేర్పండి మాస్టారూ."

"మూడు మూరల కొమ్మ దగ్గర మొదలెడదాం. కానీ తల్లీ, తోక సంగతి నాకు తెలియదు. నా తోక చూశావుగా, దానితో చెప్పగలిగేదేమీ లేదు. మీ అమ్మని పిలువు."

తల్లి సిగ్గుపడుతూ వచ్చింది. దూకి ఏడాది దాటింది. కూతురి పరీక్షల ధ్యాసలో తనూ వాగు దాటలేదు. ఒకసారి గాలి పీల్చి, పన్నెండు మూరలూ ఒక్క దూకులో దాటి, అవతలి కొమ్మ మీద నిలబడి వెనక్కి చూసింది. కపిల ఎన్నో పుస్తకాలు చదివింది గానీ తన తల్లి దూకడం పరీక్షగా చూడటం అదే మొదలు.

"తోక ఇలా వెనక్కి చాచాలే, పిచ్చిదానా," అంది తల్లి.

నెల రోజులు పట్టింది. ఇసకలో ఎన్నిసార్లు పడిందో కపిల లెక్కపెట్టుకోలేదు. దాటిన రోజున మార్కులెవరూ వెయ్యలేదు. ఆ వారంలోనే దుప్పులూ కొండముచ్చులూ కూడా పిల్లల్ని వెంటబెట్టుకుని రావడం మొదలెట్టాయి, ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళు. ఒకరోజు పొద్దున్నే చంకలో పుస్తకాలతో జంబుకేశం కూడా వచ్చి ఆ వరస చివర నిలబడ్డాడు. వంతెన మీదుగా చుట్టు తిరిగి నడవడంతో రోజూ క్లాసుకు ఆలస్యమై, ఆయనకి హాజరు తక్కువైందట.

నీతి: పెద్ద చదువులు ఎంత తొందరగా పూర్తిచేసుకుంటే అంత మంచిది, చిన్న చదువులకు అప్పుడు గానీ తీరిక దొరకదు.