తొడదాకా పాకినంక రాండ్రి

కుక్కకు ఏ అవయవంలో జబ్బు రావాలో నిర్ణయించే హక్కు ఇన్నాళ్లూ కుక్కకే ఉండడం మన వ్యవస్థలోని పెద్ద లోపం. మెదక్ పట్టణంలోని మూగజీవాల ఆరోగ్య సమన్వయ కేంద్రం ఆ లోపాన్ని ఒక యాప్‌తో సరిదిద్దింది.

ఈ సంగతి టైలరు ఎలిశిబాకు తెలియదు. భర్త పోయాక ఆ ఇంట్లో ఆమెకు తోడున్న ప్రాణి కుక్క బబ్లు ఒక్కడే. మంగళవారం పొద్దున వాణ్ని కేంద్రానికి తీసుకెళ్లి, మూత్రం పోసే చోట చర్మం ఎర్రగా ఉబ్బిందనీ, ఆగకుండా నాకుతున్నాడనీ ప్రవేశ నిర్ధారణ అధికారి జయానందానికి చెప్పింది. ఆయన శ్రద్ధగా విని యాప్‌లో అవయవాల జాబితా తెరిచాడు. కన్ను, చెవి, తొడ, తోక, కొమ్ము, పొదుగు ఉన్నాయి. (కొమ్ములున్న కుక్క వస్తే కేంద్రం సర్వసన్నద్ధం.) ఆమె చెప్పిన చోటు మాత్రం లేదు. మహిళలు ఇబ్బంది పడతారని సభ్యతా పరిరక్షణ ఉపసంఘం పోయినేడే దాన్ని తొలగించింది. (ఉపసంఘంలో మహిళలు లేరు.)

పోనీ తోక అని రాసుకోమని ఎలిశిబా బతిమాలింది. ఆరోగ్యంగా ఉన్న తోకకు జబ్బు అంటగట్టడం నేరమని ఆయన నచ్చజెప్పాడు. లోపలున్న డాక్టరమ్మకు ఒకసారి చూపిస్తానంది. నమోదు కాని కుక్క డాక్టరు కంట పడకూడదన్నాడు. మనిషి మంచివాడే, ఉపాయం కూడా ఆయనే చెప్పాడు.

“వాపు తొడదాకా పాకినంక రాండ్రి, అమ్మా. తొడ లిస్టుల ఉన్నది.”

బుధవారానికి వాపు నిమ్మకాయంత అయింది. బబ్లు గోడ దగ్గర కాలెత్తి నిలబడ్డాడు. చుక్క రాలేదు. మళ్లీ ఎత్తాడు. మూడోసారి మూలిగి కూలబడ్డాడు. ఎలిశిబా చేతిలోని జాకెట్టు ముక్క పడేసి, వాణ్ని పాత చీరలో చుట్టి ఆటో ఎక్కింది.

జయానందం స్కేలు తెచ్చి కొలిచాడు. తొడకింకా అరంగుళం దూరముంది. ఆమె తన మెడలోని టేపుతో కొలిస్తే పావంగుళమే వచ్చింది. టైలరు టేపు పశువైద్యానికి చెల్లదన్నాడాయన.

ఎలిశిబా బబ్లును తీసి కీబోర్డు మీద పడుకోబెట్టింది. దాంతో సిస్టం ఆగిపోయి, కేంద్రంలో వైద్యం మొదలైంది. ఏమైందో చూద్దామని బయటికొచ్చిన డాక్టర్ రిషిత కుక్కను చూసి, ఏమీ అడక్కుండా లోపలికి ఎత్తుకెళ్లింది. మత్తిచ్చి, సన్నటి గొట్టం వేసి మూత్రం తీసింది. చర్మానికి ఇన్ఫెక్షన్ అనీ, ప్రాణానికి భయం లేదనీ చెప్పింది. ఎలిశిబా అప్పుడు కుర్చీలో కూర్చుంది.

“గా జాగల వాపొచ్చి, ఎర్రగై, నాకుతనే ఉంటే అదే రోజు తేవాలె,” అంది డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ. “మూత్రం బందైతే గంట సుత ఆగొద్దు. నిన్న ఎందుకు తేలేదమ్మా?”

“నిన్న తెచ్చిన,” అంది ఎలిశిబా.

జయానందం బాగుపడిన సిస్టంలో వెతికాడు. నిన్న ఏ కుక్కా రాలేదు. ఇంటికి పంపే ఫారంలో ‘ఆలస్యానికి కారణం’ అనే గడి ఉంది. అందులో ఎంచుకోవడానికి ఒకే కారణం ఉంది. ఆయన దాన్నే నొక్కి, సంతకం పెడితేనే బబ్లును పంపగలనన్నాడు. మత్తులో ఉన్న కుక్కను భుజానికెత్తుకుని ఆమె సంతకం పెట్టింది.

గేటు దాటేలోపే ఫోనుకు మెసేజ్ వచ్చింది: మీ నిర్లక్ష్యం విజయవంతంగా నమోదైంది.