నవంబర్ లేని సీరియల్ మీద నూట పద్దెనిమిది అభిప్రాయాలు

సీరియల్ చూడనవసరం లేదు. దాని గురించి ప్రేక్షకులు రాసిన అభిప్రాయాలు చదివితే చాలు. ఇది సోమరితనం కొద్దీ అంటున్న మాట కాదు. ఆరు వారాల పాటు ఏకాగ్రతతో చదివి, పట్టికలు గీసుకుని, నిశ్చయించుకుని అంటున్న మాట.

ఆలోచించండి. సీరియల్ తీయడానికి ఎంత ప్రయాస! నటులు కావాలి, కెమెరాలు కావాలి, వాన పడాలంటే ట్యాంకరు కావాలి. అభిప్రాయానికి ఏం కావాలి? ఒక బొటనవేలు చాలు. సీరియల్‌కు ముగింపు ఉంటుంది. అభిప్రాయానికి అటువంటి బలహీనత లేదు.

ఈ సత్యం నాకు 2020 శరదృతువులో బోధపడింది. అప్పటికి జర్మనీలో మనవాళ్లు ఉగాదిని కెమెరా ముందు జరుపుకుని, వినాయకుడిని బకెట్‌లో నిమజ్జనం చేసి, ఇక చేయడానికేమీ మిగలక కూర్చున్నారు. మ్యూనిక్‌లో కార్లకు సాఫ్ట్‌వేర్ రాసే వాసుదేవరావు గారు మా తెలుగు వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్. ప్రతి శనివారం ఎవరింట్లో వాళ్లు ఒకే సీరియల్ రెండేసి ఎపిసోడ్లు చూసి, ఆపై గ్రూపులో అభిప్రాయాలు రాయాలని ఆయన ప్రతిపాదించారు.

తెలుగు సినిమా పెడితే అభిమానుల యుద్ధం వస్తుంది. అందువల్ల ఆయన ఒక చైనా రొమాంటిక్ కామెడీని ఎంచుకున్నారు. చైనా హీరోకు మా గ్రూపులో కులం లేదు, జిల్లా లేదు, బావమరిది లేడు. ఎంతటి దూరదృష్టి!

కథ కూడా మాకు దగ్గరిదే. చెంగ్డూ నుంచి ఒక అమ్మాయి చదువుకోవడానికి జర్మనీ వస్తుంది. ఇంటి ఏజెంటు పొరపాటున ఒకే ఫ్లాట్ తాళాలు ఆమెకూ, ఒక కోపిష్టి యువ డాక్టరుకూ ఇస్తాడు. ఇరవై నాలుగు ఎపిసోడ్ల తరువాత ఏమవుతుందో చెప్పడానికి జ్యోతిష్కుడు అవసరం లేదు.

గ్రూపుకు ఒకే ఒక నియమం. సీరియల్ గురించిన అభిప్రాయం తప్ప మరేదీ రాయరాదు. వీసా ప్రశ్నలు, ఇంటి ప్రశ్నలు, కీటాలో, అంటే పసిపిల్లల బడిలో, సీటు ప్రశ్నలు, ఆవకాయ ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నలు నిషిద్ధం. అవి గ్రూపు స్థాయిని తగ్గిస్తున్నాయని వాసుదేవరావు గారి వేదన. నేనూ ఏకీభవించాను. నాకు అప్పటికే వీసా ఉంది, ఇల్లు ఉంది, ఆవకాయ కూడా ఉంది.

ఆ తరువాత వచ్చిన అభిప్రాయాలను చూస్తే మన జాతి ప్రతిభ ఎంతకాలంగా వృథా అవుతోందో తెలిసింది!

బ్రెమెన్‌లో ఉండే మంగతాయారు గారు, ఏడేళ్లుగా విమానాల ఇంజనీరు భర్తనూ, పోపునూ ఒకే ఓర్పుతో సాకుతున్న ఇల్లాలు, మొదటి వారమే ఇలా రాశారు: "అదేమిటండీ, ఆ పిల్ల అన్ని ఎండుమిరపకాయలు నూనెలో వేయించిందా, పొగ కనిపెట్టే ఆ రౌఖ్‌మెల్డర్ కుయ్యిమనలేదేం? మా ఇంట్లో ఆవాలు చిటపటమనకముందే మోగుతుంది. మా ఆయన స్టూలెక్కి తువ్వాలు ఊపుతూ నిలబడితే తప్ప నేను పోపు పెట్టను. ఈ సీరియల్‌వాళ్లు వంటింటి మొహం చూశారా అసలు?"

దీని కింద నలభై ఒక్క తువ్వాళ్ల అనుభవాలు వచ్చాయి.

బ్లూకార్డు వర్క్ వీసా మీద మూడో ఉద్యోగం చేస్తున్న హైదరాబాదీ కమలాకర్ అభిప్రాయం మరింత శాస్త్రీయం: "ఆదివారం పొద్దుగాల హీరో వాక్యూమ్ క్లీనర్ పెట్టిండన్నా. కింద ముసలామె నవ్వుకుంట కేకు ఇచ్చింది. కేకా? మా ఇంట్ల అయితే ఈపాటికి లెటర్‌బాక్స్‌ల హౌస్‌ఓర్డ్‌నుంగ్ పేజీలు, ఆదివారం సప్పుడు చేయొద్దన్న రూలు కింద ఎర్ర పెన్నుతోని గీతలు గీసి పెడ్తరు!"

హీరోయిన్ బాల్కనీ మీద రెండు రోజుల చర్చ జరిగింది. ఆమె ఖాళీ సీసాలు సూపర్‌మార్కెట్‌లో తిరిగి ఇచ్చి డిపాజిట్ తీసుకోకుండా చెత్తబుట్టలో వేసిన దృశ్యానికి ముగ్గురు గ్రూపు విడిచి వెళ్లారు. మంగతాయారు గారి అమ్మాయి ఈషా మొత్తం కథను "క్వాచ్, మామా" అని, అంటే ఉత్త చెత్త అని, రెండు మాటల్లో తేల్చిందట. తల్లి దానిని వాయిస్ మెసేజ్‌గా మారుస్తే ఏడు నిమిషాలు వచ్చింది.

వీటన్నిటినీ నేను వర్గీకరించాను. నా పట్టికలో నాలుగు గడులు: గృహ సంబంధం, ఆహార సంబంధం, హృదయ సంబంధం, అసంబద్ధం. నాలుగో గడి మొదటి ఐదు వారాలూ ఖాళీగానే ఉంది. గ్రూపు క్రమశిక్షణకు అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

నవంబర్ ఎనిమిదిన, ఆదివారం, సంయుక్త అనే అమ్మాయి మొదటిసారిగా అభిప్రాయం రాసింది: "హీరోయిన్ రెసిడెన్స్ పర్మిట్ నవంబర్ పద్దెనిమిదిన అయిపోతుంది కదా. కరోనా వల్ల ఆమెకు వీసా ఆఫీసులో అపాయింట్‌మెంట్, అదే టెర్మిన్, దొరకకపోతే ఏం చేయాలి? దయచేసి మీ అభిప్రాయాలు చెప్పగలరు."

గ్రూపు మేల్కొంది! వారం తిరిగేలోపు దాని కింద నూట పదిహేడు అభిప్రాయాలు వచ్చాయి. ఒక సీరియల్ మీద ఇంతటి మేధోమథనం ఆ సీరియల్ రాసినవాళ్లు కూడా చేసి ఉండరు.

మంగతాయారు గారు: "ఏం చేయాలేమిటి అమ్మాయీ, ఆ డాక్టరు కుర్రాణ్ణి పెళ్లి చేసుకుంటే సరి! అతగాడికి పర్మనెంట్ ఉండే ఉంటుంది, ఆ కోటు చూస్తే తెలియడంలే?"

కమలాకర్: "టెర్మిన్ లేకుంట అప్లై చేస్తే డైరెక్ట్ రిజెక్ట్ కొడ్తరు. హీరోయిన్ సప్పుడు చేయకుంట కూసోవాలె. క్లైమాక్స్‌ల ఏదో ఒకటి అయితది."

హీరోయిన్ ముందే జాగ్రత్తపడాల్సిందని కొందరు, ఈ కాలం పిల్లలకు బాధ్యత లేదని కొందరు, చైనావాళ్లకు సులువుగా ఇస్తారని కొందరు, అసలు ఇవ్వరని మరికొందరు రాశారు. వాసుదేవరావు గారు ఇరుపక్షాలనూ అభినందించి, "టాపిక్ మీద ఉన్నందుకు అందరికీ ధన్యవాదాలు" అన్నారు.

నేనేమన్నానని అడుగుతారా? నా అభిప్రాయం తొమ్మిది వందల మాటలు. ఆరు వారాల అభిప్రాయాలనూ గాలించి, హీరోయిన్ పర్మిట్ తేదీని ఎవరూ ఎక్కడా ప్రస్తావించలేదని ఆధారాలతో నిరూపించాను. లేని తేదీని కథలోకి చొప్పించడం విమర్శనా మర్యాదకు విరుద్ధమని మందలించాను. ఆమె ప్రశ్నను నాలుగో గడిలో, అసంబద్ధం కింద, నమోదు చేశాను. ఆ గడికి అది తొలి ప్రవేశం.

ఆమె "సారీ అండీ" అని మాత్రం రాసింది.

అక్కడితో అయిపోవలసింది. కానీ కమలాకర్ ఊరుకోలేదు. "సార్, మీరు సీరియలే చూస్తలేరని అందరికీ ఎరికే. ముందల ఎపిసోడ్లల్ల ఉంటదేమో డేటు! చూసి మాట్లాడుండ్రి" అన్నాడు. ఒక పండితుడిని సీరియల్ చూడమనడం కంటే పెద్ద అవమానం ఉంటుందా? అయినా సత్యాన్వేషణ కోసం శనివారం మొదలుపెట్టి, మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకల్లా ఇరవై నాలుగు ఎపిసోడ్లూ చూశాను. అవసరమైన చోట ఆపి, గోడ మీద క్యాలెండర్లనూ, బల్ల మీద కాగితాలనూ పెద్దవి చేసి చూశాను.

తేదీ లేదు. నేనే గెలిచాను!

అంతేకాదు, ఆ కథలో నవంబర్ నెలే లేదు. మొదటి ఎపిసోడ్ నుంచి చివరిదాకా వసంతమే. ప్రతి వీధిలో చెర్రీ పూలు రాలుతూనే ఉంటాయి. కరోనా లేదు, మాస్కు లేదు, ఆఫీసు తలుపుకు అంటించిన నోటీసు లేదు. నాలుగో ఎపిసోడ్‌లో హీరోయిన్ వీసా ఆఫీసుకు పరుగెత్తుకుంటూ వెళ్తే గుమస్తా నవ్వి స్టాంపు వేసి పంపించాడు. ఆమెకు టెర్మిన్ బెంగే లేదు.

ఈ విజయాన్ని గ్రూపులో ప్రకటించడానికి ఫోన్ చేతికి తీసుకున్నాను. కిటికీలోంచి మా ఊరు జీగెన్ కొండల మీద వాన కనిపిస్తోంది. తేదీ పదిహేడు. కథలో నవంబర్ లేకపోతే, ఆ నవంబర్ పద్దెనిమిది ఎవరిది?

సంయుక్త అన్న పేరు నాకు కొత్త కాదు. పద్నాలుగు నెలలుగా నా చేత్తో రాస్తున్న పేరే. పై అంతస్తులో మాస్టర్స్ చదివే అమ్మాయి ఇంట్లో లేనప్పుడు పోస్టువాళ్లు ఆమె పార్సిళ్లు నాకిచ్చి పోతారు. నేను వాటి మీద 'సంయుక్త' అని చీటీ అంటించి, ఆమె గుమ్మం ముందు పెట్టి, తలుపు తెరుచుకునేలోగా దిగి వచ్చేస్తాను.

రెండు ఇళ్లవాళ్లు కలవవచ్చునన్న నిబంధనను సరిచూసుకుని, మాస్కు పెట్టుకుని, పైకి వెళ్లాను. తలుపు తెరిచి ఉంది. గదిలో సగం సర్దిన సూట్‌కేస్ కనిపిస్తోంది.

"నమస్తే అంకుల్. పార్సిల్ వచ్చిందా?"

"లేదమ్మా. నవంబర్ పద్దెనిమిది మీదేనా?"

"తొమ్మిది వందల మాటలు రాసిన సారు... మీరేనా?"

"నేనే."

"మొత్తం చదివిన అంకుల్. రెండుసార్లు చదివిన. ఆఖర్ల ఏమన్న జవాబు ఉంటదేమోనని."

మెట్ల మీద దీపం దానంతట అదే ఆరిపోయింది. ఆమె చేయి చాచి వేసింది.

"విద్యార్థుల గ్రూపులో అడగలేకపోయారా?"

"అడిగిన. 'సేమ్ హియర్' అని ఇరవై మంది పెట్టిన్రు. మన గ్రూపుల పెద్దోళ్లు ఉంటరు గదా, ఎరుక ఉంటదనుకున్న. సీరియల్ ముచ్చట తప్ప రాయొద్దంటిరి. అందుకే గట్ల అడిగిన."

"ఆఫీసుకు మెయిల్ రాయలేదా?"

"రాసిపెట్టిన. పది రోజులైంది, డ్రాఫ్ట్‌ల ఉన్నది. టెర్మిన్ లేకుంట అప్లై చేస్తే రిజెక్ట్ కొడ్తరని కమలాకర్ అన్న అన్నడు గదా."

"ఆయన హీరోయిన్ గురించి అన్నాడమ్మా!"

"నేను గూడ హీరోయిన్ గురించే అడిగిన గదా అంకుల్."

ఈ దేశంలో ఇరవై రెండేళ్లుగా ఉంటున్న నాకు ఆమె ప్రశ్నకు జవాబు తెలుసు. అది ఒక్క వాక్యం. గడువు ముగియకముందే లిఖితపూర్వకంగా పొడిగింపు కోరి, కోరినట్టు రుజువు దాచుకుంటే, నిర్ణయం వచ్చేవరకు పాత అనుమతి కొనసాగినట్టే. టెర్మిన్ ఎప్పుడు దొరికినా సరే. నాకు తెలిసినప్పుడు వాసుదేవరావు గారికి తెలియదా? ఆయన తన టీములోకి వచ్చిన ఎంతమంది వీసా కాగితాలు చూశారో! నూట పదిహేడు అభిప్రాయాల్లో ఆ వాక్యం లేదు. హీరోయిన్‌కు దాని అవసరం లేదు కాబట్టి ఎవరికీ తట్టలేదు.

మెట్ల మీద మీటరున్నర దూరంలో కూర్చుని, ఆమె డ్రాఫ్ట్‌ను చదివాను. ఒక కామా మార్చాను. అది అలవాటు. పాస్‌పోర్టు, యూనివర్సిటీ పత్రం, ఇన్సూరెన్స్ కాగితం జతచేసి, నాలుగూ పదికి పంపింది. నాలుగూ పదకొండుకు, మీ మెయిల్ అందింది అని ఆటోమేటిక్ జవాబు వచ్చింది. యంత్రం రాసిన ఆ రెండు లైన్లను ఆమె మూడుసార్లు పైకి చదివింది. సూట్‌కేస్ మూత తెరిచి, అందులోంచి కుక్కర్ తీసి మళ్లీ స్టౌ మీద పెట్టింది.

మర్యాద తెలిసిన పిల్ల. ఆ సాయంత్రమే గ్రూపులో రాసింది: "హీరోయిన్ టెర్మిన్ లేకుండానే మెయిల్‌లో అప్లై చేసింది. అందిందని జవాబు వచ్చింది. ఇక వెళ్లిపోనక్కర లేదు. అందరికీ థాంక్స్."

కమలాకర్: "ఏ ఎపిసోడ్ల?"

మంగతాయారు గారు: "మేమింకా పద్నాలుగులోనే ఉన్నాం కదమ్మా! కథ చెప్పేస్తే ఇంకేం చూస్తాం?"

వాసుదేవరావు గారు ఆ సందేశాన్ని తొలగించారు. ముగింపు ముందే బయటపెట్టినందుకు సంయుక్తను రెండు వారాలు గ్రూపు నుంచి బహిష్కరించారు. నియమం నియమమే!

కాబట్టి పాఠకులారా, ప్రేక్షకుల అభిప్రాయం ఈ యుగానికి దక్కిన వరమన్న నా సిద్ధాంతంలో మార్పేమీ లేదు. పట్టికలో మాత్రం చిన్న సవరణ చేశాను. నాలుగో గడిలో సంయుక్త ప్రశ్న ఒక్కటే ఉండేది. దానిని కొట్టివేశాను. గడి ఖాళీగా ఉండటం నాకు నచ్చదు కనుక, మిగిలిన నూట పదిహేడింటినీ అందులోకి మార్చాను. అన్నిటికన్నా పైన, నా తొమ్మిది వందల మాటలది.