ఎర్ర డబ్బాలో పడ్డ ఉత్తరం

సోమవారం ఉదయం పళ్లు తోముకుంటూ సూపర్‌వైజరు ఒక నిర్ణయానికి వచ్చాడు. గురువారం పెళ్లిరోజు, ఇరవయ్యోది. ఈసారి భార్యకు కుక్కరు కొనడు, మిక్సీ కొనడు, ఉత్తరం రాస్తాడు. కాగితం మీద, సిరా పెన్నుతో రాసి, స్టాంపు అంటించి, నడిచి వెళ్లి పోస్టు చేస్తాడు. నోట్లో నురగ ఉండగానే అతనికి ఒళ్లు పులకరించింది.

ఈ ఆలోచన ఊరికే రాలేదు. భార్య అక్కగారి దగ్గర ఒక రేకు డబ్బా ఉంది. నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య బావగారు రాసిన ఉత్తరాలు అందులో కుక్కి కుక్కి ఉంటాయి. ఆవిడ వచ్చినప్పుడల్లా వాటిని తలుచుకుని మురిసిపోతుంది. భార్య దగ్గరా ఒక డబ్బా ఉంది. గులాబీల బొమ్మలున్న బిస్కెట్ల డబ్బా, ఖాళీది. మొన్న దాన్ని తుడుస్తూ అంది: "మన నిశ్చితార్థం అయ్యాక మూడు నెలల్లో మీరు నాకు రెండుసార్లు ఫోన్ చేశారు. అందులో ఒకటి రాంగ్ నంబరు."

పాపం, అతను రాయలేనివాడు కాదు. లిఫ్టుల కంపెనీలో ఉద్యోగం, రోజుకు పది రిపోర్టులు రాస్తాడు. ఎవరు ఏ ఫిర్యాదు చెప్పినా ముందు "సమస్య ఎప్పట్నుంచి ఉంది?" అని అడగడం అలవాటు. భార్య తలనొప్పి అన్నా అదే అడుగుతాడు. ఆమె మందుల షాపులో పనిచేస్తుంది. పందొమ్మిదేళ్లుగా డాక్టర్ల చీటీలు చదివి చదివి, రాత చూడగానే ఆ డాక్టరు ఆ పూట కాఫీ తాగాడో లేదో కూడా చెప్పగలదు.

ఆమె డ్యూటీకి వెళ్లగానే సూపర్‌వైజరు సొరుగు అడుగునుంచి వాళ్ల నాన్నగారి పెన్ను తీశాడు. మొదటి ప్రయత్నం "విషయం: ఇరవై ఏళ్ల వైవాహిక జీవితంపై నివేదిక" అని మొదలైంది. రెండోదాంట్లో "తనిఖీ చేయగా ఎటువంటి లోపములు కనబడలేదు" అన్న వాక్యం చూసి తనకే సిగ్గేసింది. అప్పుడు పెద్దవాళ్లు ఉత్తరాలు ఎలా మొదలుపెట్టేవారో గుర్తొచ్చింది. "ఉభయకుశలోపరి" అని రాశాడు. "ఇక్కడ హాల్లో నేను క్షేమం. అక్కడ వంటింట్లో నువ్వు కూడా క్షేమమని తలుస్తాను."

ఆ తర్వాత పెన్ను ఆగలేదు. "మనిద్దరం ఒకే గొడుగులో వెళ్తుంటే నువ్వు దాన్ని నా వైపే వంచుతావు. ఇరవై ఏళ్లుగా నీ ఎడమ భుజం తడుస్తోంది. నేను చూస్తూనే ఉన్నాను. చెబితే గొడుగు నిటారుగా పట్టుకుంటావని చెప్పలేదు" అని రాసి, ఇది నేనేనా అని ఆశ్చర్యపోయాడు. రిపోర్టులా కనబడకూడదని అక్షరాలు గుండ్రంగా, పక్కకు వాల్చి మరీ రాశాడు. చివర "ఇట్లు, నీ వాడు" అని పెట్టేసరికి పెన్ను కక్కిన సిరాకు కుడిచేతి చూపుడు వేలు గోరుతో సహా నీలంగా మారింది.

వీధి చివర గుండ్రటి తలతో ఎర్రటి పోస్టు డబ్బా ఉంది. అతను స్టాంపు సరిచూసుకుని, అటూ ఇటూ చూసి, కవరు లోపలికి వదిలాడు. టప్ మని చప్పుడైంది. ఆఫీసుకు ఆలస్యమైపోయినా ఆ చప్పుడు తలుచుకుంటూ ఈల వేసుకుంటూ వెళ్లాడు.

అతనికి తెలియని సంగతి ఒకటుంది. ఆ డబ్బాను పోస్టాఫీసు వాళ్లు ఎప్పుడో వదిలేశారు. దాన్ని పాతసామాన్ల వాడి దగ్గర కొని అక్కడ నిలబెట్టింది మూల మీది కాఫీ షాపు యజమానురాలు. ఆవిడకు పాతకాలం అంటే ప్రాణం. షాపునిండా పాడని గ్రామఫోను, కొట్టని టైపుమిషను, బల్బు పెట్టిన లాంతరు ఉంటాయి. పోస్టు డబ్బా నెత్తిన ఒక పూలకుండీ పెట్టి రోజూ చెంబుడు నీళ్లు పోస్తుంది. మంగళవారం పోసిన నీళ్లు నోట్లోంచి దిగి కవరు మీద పడ్డాయి. సిరా రాత కదా, చిరునామా అంతా నీలి మబ్బైపోయింది. లోపల భార్యను పేరుపెట్టి పిలిచిన మొదటి వరస కూడా కొట్టుకుపోయింది. మిగతాది మడతలో భద్రంగా ఉంది.

బుధవారం డబ్బా శుభ్రం చేస్తుంటే ఆవిడకు అది దొరికింది. నిలబడే చదివింది, కళ్లు తుడుచుకుంది, ఫ్రేము కట్టించి కౌంటరు పక్కన తగిలించింది. కింద "ఈ ఉత్తరం రాసిన చేయి ఎవరిది?" అని అట్ట పెట్టింది.

గురువారం సూపర్‌వైజరు పోస్టుమాన్ కోసం బాల్కనీలో పడిగాపులు కాశాడు. ఎవరూ రాలేదు. సాయంత్రానికి చేతిలో ఉత్తరమూ లేదు, కుక్కరూ లేదు. భార్య గుమ్మంలోకి రాగానే, ఇవాళ నా పని అయిపోయిందనుకున్నాడు. ఆమె ముఖం మాత్రం వెలిగిపోతోంది. చెప్పులు విప్పకుండానే కాఫీ షాపులో చూసిన ఉత్తరం గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఎవరో మహానుభావుడు భార్యకు రాశాడట, గొడుగు గురించి రాశాడట, షాపులో ఆడవాళ్లందరూ ముక్కులు ఎగబీలుస్తున్నారట.

"అది నేనే రాశాను" అన్నాడు సూపర్‌వైజరు.

ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. "మీరా? నేను పేజీడు మెసేజీ పెడితే 'ఓకే' అని రాసే మీరా? అంత రాయగలిగితే ఇంకోటి రాయండి చూద్దాం."

అతను పరుగెత్తుకుంటూ కాఫీ షాపుకు వెళ్లి నీలి వేలు చూపించాడు. యజమానురాలు మర్యాదగానే చెప్పింది: "మీరు పద్నాలుగోవారండీ."

జరిగిందేమిటంటే, రాసినవాడి వేలికి సిరా అంటుకుని ఉంటుందని ఆవిడ ఆ మధ్యాహ్నం ఎవరితోనో అంది. గంటలో వీధి మొత్తానికి తెలిసిపోయింది. స్టేషనరీ షాపులో ఏళ్లుగా కదలని సిరాబుడ్లు సాయంత్రానికి అయిపోయాయి. ఇస్త్రీ చేసేవాడి వేలు నీలం, పళ్ల డాక్టరు వేలు నీలం, పెళ్లే కాని జిమ్ము మాస్టరుకైతే రెండు చేతులూ నీలమే. భార్యలు ఇళ్లలో మొగుళ్ల వేళ్లు పట్టుకుని వెలుగులో తిప్పి చూస్తున్నారు. గొడుగులు ఎవరు ఎటు వంచుతున్నారో లెక్కలు తీస్తున్నారు. ఎండలో కూడా జంటలు గొడుగులేసుకుని తిరగడం మొదలైంది.

సూపర్‌వైజరుకు పౌరుషం వచ్చింది. శుక్రవారం ఇంకో ఉత్తరం రాసి భార్య చేతికే ఇచ్చాడు. ఆమె చదివి, బాగానే ఉంది గానీ ఆ ఫ్రేములోదాని ముందు తేలిపోయిందంది. శనివారం ఇంకోటి రాశాడు. ఇందులో కాపీ వాసన వస్తోందంది. తన రాతతో తానే పోటీపడి ఓడిపోతున్న మనిషి బాధ పగవాడికి కూడా వద్దు. అయినా అతను వదల్లేదు. లిఫ్టు కింద గుంటలో కూర్చుని రాశాడు, మెషిన్ రూములో నిలబడి రాశాడు. ఎనిమిది రోజులు తిరిగేసరికి ఆరు ఉత్తరాలయ్యాయి. ఆమె ఒక్కోటీ చదివి పెదవి విరిచి లోపలికి పట్టుకెళ్లేది.

ఈలోగా మరో ముప్పు వచ్చింది. అపార్ట్‌మెంటు సెక్రటరీ గారు ఒకరోజు కాఫీ షాపులో ఆ ఉత్తరం ముందు నిలబడి గట్టిగా నిట్టూర్చారు. ఆయన వేలు కూడా నీలమే. మీరేనా అని ఎవరో అడిగితే, ఆయన అవుననలేదు, కాదనలేదు, గడ్డం గోక్కున్నారు. అంతే, ఆయనే అని ఖాయమైపోయింది. పై ఆదివారం సన్మానం పెట్టేశారు.

ఆదివారం షాపు కిటకిటలాడిపోయింది. సూపర్‌వైజరు మొదట రాసి పడేసిన రెండు చిత్తుప్రతులూ జేబులో పెట్టుకుని, నిజం బయటపెట్టి తీరాలని ముందు వరసలో కూర్చున్నాడు. పక్కన భార్య. ఇది తేలితే తప్ప ఆమె గులాబీల డబ్బాలోకి ఆ ఉత్తరం వెళ్లదు.

యజమానురాలు సెక్రటరీ గారికి శాలువా కప్పి, ఆ గొడుగు ముచ్చట ఏమిటో నాలుగు మాటల్లో చెప్పమంది. ఆయన శాలువా సర్దుకుని, "మా ఇంట్లో గొడుగు లేదండీ" అన్నారు.

ఇదే సమయమని సూపర్‌వైజరు సగం లేచాడు. ఇంతలో సెక్రటరీ గారి భార్య కుర్చీలోంచి అంది: "ఉండేదండీ. పోయింది." ఆవిడ పైటకొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క ఉత్తరమైనా రాశారు. నాకది చాలు."

సూపర్‌వైజరు ఆవిడ ముఖం చూశాడు. జేబులోని చిత్తుప్రతులను నలిపి ఉండ చేసి, మెల్లగా కూర్చున్నాడు. అందరితో పాటు చప్పట్లు కూడా కొట్టాడు. ఫ్రేము సెక్రటరీ గారి భార్య ఒళ్లోకి వెళ్లిపోయింది.

ఇంటికి రాగానే సోఫాలో కూలబడ్డాడు. "నమ్ముతావో లేదో గానీ, అది నేనే రాశాను" అన్నాడు.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పెళ్లిరోజు నుంచి. మీరు వాక్యం చివర చుక్క పెట్టి, దాన్ని మళ్లీ ఒకసారి పొడుస్తారు. లిఫ్టు బటన్ నొక్కినట్టు. ఎంత గుండ్రంగా రాసినా అది పోలేదు." ఆమె చేయి తెలియకుండానే భుజం మీదికి వెళ్లింది. "అయినా నా ఎడమ భుజం నాకు తెలీదా?"

సూపర్‌వైజరుకు ఆనందంతో పాటు ఒళ్లు మండింది. మరి ఈ పది రోజులూ తనను ఎందుకు ఏడిపించినట్టు? ఆమె లోపలికెళ్లి గులాబీల డబ్బా తెచ్చి మూత తీసింది. ఆరు ఉత్తరాలూ తారీఖుల వారీగా పేర్చి ఉన్నాయి.

"నమ్మేసి ఉంటే ఒక్కదానితో ఆపేసేవారు" అంది. "ఆ మొదటిది ఆవిడ దగ్గర ఉండనివ్వండి. మీరు సగం లేచి కూర్చున్నారే, అప్పుడు నాకు ఏడో ఉత్తరం అందినట్టయింది." అని ఏడ్చేసింది. అతనూ ఏడ్చాడు, ఇద్దరూ నవ్వారు, మూత పెట్టడం మర్చిపోయారు.

సోమవారం ఉదయం సూపర్‌వైజరు పళ్లు తోముకుంటుండగా బెల్లు మోగింది. గుమ్మంలో సెక్రటరీ గారు. రాత్రంతా నిద్రలేనట్టుంది. సూపర్‌వైజరు వేలి వంక చూసి గొంతు తగ్గించారు. "అందరికీ పైపూత, సబ్బుతో కడిగితే పోయింది. మీ ఒక్కరికే గోట్లో ఉండిపోయింది. అర్థమైందండీ. మా ఆవిడ రెండో ఉత్తరం అడుగుతోంది. మీరే ఏదో దారి చూపించాలి."

సూపర్‌వైజరు ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టి, పెన్ను మూత తీసి, అలవాటు ప్రకారం అడిగాడు: "సమస్య ఎప్పట్నుంచి ఉంది సార్?"

సెక్రటరీ గారు కాసేపు ఆలోచించి, "పెళ్లయినప్పట్నుంచీ" అన్నారు.