చార్జరుకు సంజాయిషీ నోటీసు

"ఇకమీదట మన బండ్లన్నీ పదిహేను నిమిషాల్లో నూటికి నూరు శాతం చార్జవుతాయి!" అని రవాణా మంత్రిగారు ప్రకటించారు. చప్పట్లు ఆగడానికి ఐదు నిమిషాలు పట్టింది. లెక్క ప్రకారం ఆ చప్పట్లలోనే మూడో వంతు చార్జయిపోవాలి.

ప్రభుత్వ చార్జింగు స్టేషన్లో ఆరేళ్లుగా టెంపరరీగా పడివున్న ఎలక్ట్రీషియన్ మాత్రం చప్పట్లు కొట్టడం మరిచిపోయాడు. స్టేషనుకు మంజూరైన ఒకే ఒక్క పర్మనెంటు పోస్టును ఈ నెలలోనే భర్తీ చేస్తారని విన్నాడు. దానికోసం వేయి కళ్లతో ఎదురుచూస్తున్నాడు.

మంత్రిగారు స్వయంగా తనిఖీకి వచ్చి చార్జరుకు తమ కారే తగిలించారు. ఎనభై శాతం దాకా అంకెలు పరుగెత్తాయి. ఆ తర్వాత నత్తనడక.

"ఎనభై కాగానే ఇది బద్ధకిస్తోందేంటి?"

"బద్ధకం కాదు సార్," అన్నాడు ఎలక్ట్రీషియన్. "బ్యాటరీ నిండేకొద్దీ చార్జరే కరెంటు తగ్గిస్తుంది. కడదాకా అదే జోరుతో ఎక్కిస్తే బ్యాటరీ వేడెక్కి పాడైపోతుంది."

"అంటే కావాలనే తగ్గిస్తోందా?"

"కావాలనే సార్."

మంత్రిగారు కార్యదర్శి వైపు తిరిగారు. "రాసుకోవయ్యా, నేరం ఒప్పుకుంది."

మర్నాడు చార్జరుకు సంజాయిషీ నోటీసు వచ్చింది. మూడు రోజుల గడువిచ్చినా అది నోరు విప్పలేదు. ఈ పొగరు చూసి సస్పెండ్ చేశారు. సస్పెన్షన్లో ఉన్నవాళ్లకు సగం జీతం వస్తుంది గనుక, నిబంధనలను తు.చ. తప్పకుండా పాటించే కార్యదర్శిగారు దానికి సగం కరెంటు మంజూరు చేశారు. ఇచ్చిన సగమైనా వృథా కాకూడదని బండ్లు తగిలించడం మాత్రం ఆపలేదు.

బండి నిండడానికి గంటలు పట్టింది. కానీ చార్జరు చల్లగా ఉంది, బ్యాటరీలూ చల్లగా ఉన్నాయి, ఒక్కటంటే ఒక్కటి చెడలేదు. ఎలక్ట్రీషియన్ ఉబ్బితబ్బిబ్బై నివేదిక రాశాడు. తొందర లేనివాళ్లకు నెమ్మదిగా, తొందరున్నవాళ్లకు ఎనభై దాకా వేగంగా ఎక్కిస్తే చార్జరూ బ్యాటరీ పదికాలాలు మన్నుతాయని అందులో విడమరిచి చెప్పాడు. దీంతో పోస్టు తనదేనని భార్యకు మాట కూడా ఇచ్చేశాడు.

మంత్రిగారు నివేదికలో మొదటి పేజీ చదివారు. అంత చదవడం వారికి అరుదు.

"శిక్ష పడగానే ఎంత మారిపోయిందయ్యా! ఇలాంటి క్రమశిక్షణ గల సిబ్బందే మనకు కావాలి."

ఆ వారమే సభ పెట్టి, చార్జరుకు దండ వేసి, ఆ ఒక్క పోస్టులో దాన్ని పర్మనెంటు చేస్తూ ఉత్తర్వు చదివారు. ఎలక్ట్రీషియన్‌కు ఏడుపు తన్నుకొచ్చింది.

"సార్, మరి నేను?"

"నిన్నెలా వదులుకుంటామయ్యా?" అన్నారు కార్యదర్శిగారు. "ఇకనుంచి చార్జరుగారికి సహాయకుడివి. టెంపరరీగానే అనుకో."

"ఇంట్లో ఏం చెప్పాలో తెలీడం లేదు సార్. ఒక్క పూట సెలవిప్పించండి."

"నన్నడుగుతావేంటి? నీ పై అధికారి ఎవరు?" కార్యదర్శిగారు గొంతు తగ్గించారు. "వారిప్పుడు పనిలో ఉన్నారు. చేతులు కట్టుకుని పక్కన నిలబడు. ఆ బండి వెళ్లాక అడుగుదువుగాని."