ఒక ఫారం మీద నాలుగు చేతిరాతలు

ఆ గురువారం ఉదయం థియా లిండ్‌క్విస్ట్ చేయవలసిన పనులు మూడే. గుమ్మం ముందు మంచు ఎత్తిపోయడం, అమ్మ చేత కోర్సుల ఫారం మీద సంతకం పెట్టించడం, ఏడూ నలభైకి వచ్చే బడి బస్సు అందుకోవడం. అమెరికాలో పెద్ద సరస్సు ఒడ్డునున్న రేవు పట్నం డలూత్‌లో ఫిబ్రవరి నెలలో ఈ మూడింట్లో కష్టమైనది మంచే అని ఎవరైనా అనుకుంటారు. థియా కూడా అలాగే అనుకుంది.

బడిలో ఆఖరి ఏడాదికి ఏ కోర్సులు తీసుకోవాలో తేల్చుకోవడానికి ఆ పిల్లకి మూడు వారాలు పట్టింది. రోజుకి ఏడు పిరియడ్లు. కలనగణితం, ఫిజిక్స్ రెండూ కాలేజీ స్థాయివి, గట్టివి. సాహిత్యం, ప్రభుత్వ పాలన మధ్యస్థం. తర్వాత వెల్డింగు, బృందగానం, ఒక ఖాళీ పిరియడ్. "బుర్రకి నాలుగు, చేతులకి ఒకటి, గొంతుకి ఒకటి, ఊపిరికి ఒకటి" అని స్నేహితురాలికి లెక్క చెప్పింది. అందులో వెల్డింగు మీదే ఆమె ప్రాణమంతా. ఓడలు బాగుచేసే రేవు కర్మాగారంలో వేసవికి పని నేర్చుకోవడానికి ఇద్దరినే తీసుకుంటారు. లెక్కలు, ఫిజిక్స్, వెల్డింగు మూడూ ఉన్నవాళ్ళ పేర్లే చూస్తారు. పదహారేళ్ళుగా ఒడ్డున నిలబడి ఓడల్ని చూసిన పిల్ల, ఈసారి ఓడ కడుపులోకి దూరి చూడాలనుకుంది.

ఫారం పెన్సిల్‌తోనే నింపాలని బడి నియమం. థియా ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి, వంటింటి బల్ల మీద పెట్టి, పార పట్టుకుని బయటికి వెళ్ళింది.

తల్లి మోరీన్ సంతకం పెట్టబోయి ఆగింది. వెల్డింగా? ఆమె ఆసుపత్రిలో కంటి విభాగంలో నర్సు. నిప్పురవ్వ పడిన కళ్ళు వారానికి రెండైనా చూస్తుంది. "ఒక్కటి మారిస్తే పిల్లకేం తెలుస్తుందిలే" అనుకుని, వెల్డింగు చెరిపి, కాలేజీ స్థాయి కెమిస్ట్రీ అని రాసి, సంతకం పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయింది.

తర్వాత తండ్రి అర్విడ్ కాఫీ కప్పుతో వచ్చాడు. స్కేటింగు మైదానంలో మంచు చదునుచేసే బండి నడుపుతాడాయన. జీవితంలో ఖాళీగా కూర్చున్న గంట ఆయనకి గుర్తులేదు. "ఖాళీ పిరియడ్" అన్న మాట చూడగానే కాఫీ పొలమారింది. దాన్ని చెరిపి, కాలేజీ స్థాయి ఆర్థికశాస్త్రం అని రాశాడు. ఒక్కటే కదా.

ఆయన వెళ్ళాక నానమ్మ సోల్వేగ్ కళ్ళద్దాలు సర్దుకుంటూ వచ్చింది. "పాటలా? పాటలు గిన్నెలు కడుక్కుంటూ పాడుకోవచ్చు" అని గొణిగి, బృందగానం చెరిపేసి, కాలేజీ స్థాయి ప్రపంచ చరిత్ర చేర్చింది. ఆమె కూడా ఒక్కటే మార్చింది.

థియా చేతులు ఊదుకుంటూ లోపలికి వచ్చేసరికి బస్సు హారన్ మోగుతోంది. ఫారం మడిచి జేబులో కుక్కుకుని పరుగెత్తింది. బడిలో దిగి, ఆ మడత విప్పకుండానే కౌన్సెలర్ పెట్టెలో వేసి క్లాసుకి పోయింది.

కౌన్సెలర్ అబర్నాథీ గారు ఫారం తెరిచి, కళ్ళు నులుముకుని, మళ్ళీ చూశారు. కాలేజీ స్థాయి కోర్సులు ఐదు! ఆ బడిలో ఇంతవరకూ మూడు దాటినవాళ్ళు లేరు. ఫారంలో ఉన్నదున్నట్టు కంప్యూటర్లో ఎక్కించి, ప్రిన్సిపాల్ వాండర్‌మోలెన్ గారి గదికి దాదాపు పరుగెత్తారు. ఆమెకి మైకంటే మహా ఇష్టం. రెండో పిరియడ్‌లో బడి అంతటా ఆమె గొంతు మోగింది.

"మన బడి చరిత్రలో మొట్టమొదటిసారి... ఐదు కోర్సులు... థియడోరా లిండ్‌క్విస్ట్!"

ఫిజిక్స్ క్లాసు చప్పట్లతో దద్దరిల్లింది. థియా వెనక్కి తిరిగి చూసింది, తన పేరుతో ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"సార్, ఇదేదో పొరపాటు సార్. నావి రెండే."

"నిండుకుండ తొణకదంటారు. చూశారా పిల్లలూ?" అన్నాడు మాస్టారు మురిసిపోతూ.

"తొణకడం కాదు సార్, నిజంగానే పొరపాటు!"

"ఎంత వినయమో!"

మధ్యాహ్నం భోజనాల దగ్గర వడ్డించే ఆవిడ పళ్ళెంలో హాట్‌డిష్ అనే బంగాళాదుంపల వంటకం రెండు గరిటెలు ఎక్కువ వేసింది. "తిను తల్లీ, ఐదంటే మాటలా!" ఆఖరికి థియా కౌన్సెలర్ గదికి వెళితే ఆయన తలుపు మీద 'తల్లిదండ్రులతో మాట్లాడుతున్నాను' అన్న చీటీ వేలాడుతోంది.

లోపల ఆయన మోరీన్‌తో ఫోన్‌లో ఉన్నారు. "ఐదు కోర్సులమ్మా! మీ అనుమతి ఉన్నట్టేనా?"

"ఐదా? నేనొక్కటే..." అని నాలుక కరుచుకుంది మోరీన్. మిగతావి పిల్లే చేర్చుకుందన్నమాట! ఇంత ఒత్తిడిలో ఉందా తన బిడ్డ! వెంటనే భర్తకి ఫోన్ చేసింది. "దానికేదో అయిందండీ. రాత్రీ పగలూ చదివి చచ్చిపోదామనుకుంటోంది!" అర్విడ్ కూడా తను మార్చిన ఒక్కదాని మాట మింగేసి, మంచు బండి మైదానం మధ్యలోనే ఆపేసి బయల్దేరాడు. దారిలో ఇంటి దగ్గర ఆగితే, కోడలి ఫోన్ అందుకున్న నానమ్మ టోపీ పెట్టుకుని ముందే సిద్ధంగా ఉంది. తను మార్చినదాని సంగతి ఆమె కూడా ఎత్తలేదు.

ఈలోగా థియా వెల్డింగు షెడ్డుకి వెళ్ళింది. టీచర్ ఓడెగార్డ్ మేడమ్ ముఖానికున్న కవచం పైకెత్తి పెదవి విరిచింది. "నీ పేరు జాబితాలోంచి పోయిందే అమ్మాయ్. ఒక్క సీటే మిగిలింది. మూడింటి గంట కొట్టేలోగా ఎక్కకపోతే వరసలో తర్వాతవాడికి ఇచ్చేయాలి."

గోడ గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది.   "మేడమ్, మీరు ఒక్కసారి నాతో రండి" అని థియా, దారి పొడవునా పిల్లలు కొడుతున్న చప్పట్ల మధ్య నుంచే నడుచుకుంటూ ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. అక్కడ అప్పటికే అందరూ చేరి ఉన్నారు.

"బంగారం, ఇంత కష్టం ఎందుకే నీకు?" అంటూ మోరీన్ చుట్టేసుకుంది.

"అమ్మా, ఒక్క నిమిషం. సార్, నా ఫారం చూపించండి."

అబర్నాథీ గారు ఫారం బల్ల మీద పరిచారు. థియా ముత్యాల వరసల మధ్య గుండ్రటి అక్షరాలు ఒక చోట, పెట్టెల్లాంటి పెద్ద అక్షరాలు ఒక చోట, గాలికి వాలిన గడ్డిలాంటి పాతకాలపు రాత ఒక చోట. 

"నేనొక్కటే మార్చాను" అంది మోరీన్.

"నేనూ ఒక్కటే" అన్నాడు అర్విడ్.

"మీరిద్దరూ కూడానా!" అంది నానమ్మ, తనే అందరికంటే ఎక్కువ మోసపోయినట్టు.

"అత్తయ్యా, మీకూ పెన్సిల్ దొరికిందా?"

థియా అరవలేదు. అరుస్తుందని అందరూ ఎదురుచూస్తున్నందువల్ల అది ఇంకా భయంగా ఉంది. "అమ్మా, ఆ షెడ్డులో కవచం లేకుండా అడుగు పెట్టనివ్వరు. ఇదిగో, మేడమ్‌నే అడుగు. నాన్నా, మంచు చదును చేసి నీళ్ళు పోశాక అవి గడ్డకట్టేదాకా స్కేటర్లని ఆపుతావు కదా? నా ఖాళీ పిరియడ్ కూడా అందుకే. నానమ్మా, నువ్వు చర్చిలో పాడడం చూసే నాకు పాట మీద ఆశ పుట్టింది. ఐదు తీసుకుంటే ఐదూ అరకొరే. రెండు తీసుకుంటే రెండూ నావి."

నానమ్మ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఓడెగార్డ్ మేడమ్ తన కళ్ళు రెండూ వేలితో చూపించింది. "ఇరవై రెండేళ్ళుగా వెల్డింగు చేస్తున్నానమ్మా. రెండూ ఉన్నాయి."

మోరీన్ నవ్వాపుకోలేక తనే రబ్బరు తీసి కెమిస్ట్రీ చెరిపింది. అర్విడ్, నానమ్మ వరసగా ఎవరిది వాళ్ళు చెరిపారు. కౌన్సెలర్ కంప్యూటర్లో వెల్డింగు సీటు ఎక్కించేసరికి రెండూ యాభై ఎనిమిది.

ప్రిన్సిపాల్ గారి ముఖం మాత్రం వాడిపోయింది. "కానీ... మైకులో చెప్పేశాను కదమ్మా!"

"మళ్ళీ చెప్దాం మేడమ్. ఈసారి నేను చెప్తాను."

గంట కొట్టాక బడి మొత్తానికి థియా గొంతు వినిపించింది. "నేను థియాని. ఐదు కాదు, రెండు. వాటితో పాటు సాహిత్యం, పాలన, వెల్డింగు, పాట, ఒక ఖాళీ పిరియడ్. ఇవన్నీ నేను ఎంచుకున్నవి."  తర్వాత లేచిన కేకలకి పొద్దుటి చప్పట్లు చిన్నబోయాయి. మేడ మెట్ల మీద కొందరు బూట్లతో తాళం వేశారు. వడ్డించే ఆవిడ వంటగదిలోంచి గరిటె ఊపింది. షెడ్డుకి తిరిగి వెళుతూ ఓడెగార్డ్ మేడమ్ తన ముఖకవచం థియా తల మీద పెట్టింది. అది ముక్కు దాకా జారినా పిల్ల తీయలేదు.

మర్నాడు ఉదయం అబర్నాథీ గారి గది ముందు, తమ ఫారాలు మార్చుకోవడానికి అరవై ముగ్గురు పిల్లలు వరసకట్టారు. వాళ్ళలో సగం మందికి తల్లిదండ్రులు తోడొచ్చారు. ఆ పెద్దవాళ్ళని గుమ్మం బయటే కూర్చోబెట్టారు.