పరదా వెనక రాయచూరు ఉస్తాద్

నాకు కోపం వచ్చిన మాట నిజమే. ఎందుకు రాకూడదో మీరే చెప్పండి.

కోస్గి బస్టాండు వెనక పదిహేడేళ్లుగా నాది బోరు మోటర్ల దుకాణం. కొత్తవి అమ్ముతాను, కాలినవి చుట్టించి ఇస్తాను. చుట్టించి అన్నాను, చుట్టి అనలేదు. చుట్టడం నాకు రాదు. నాకు వచ్చింది మాట్లాడడం ఒక్కటే.

చుట్టేవాడు విజేందర్. ఊళ్లో అందరూ హలో విజేందర్ అంటారు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని రాగి తీగ చుట్లు లెక్కపెట్టేవాడు. "ముప్పై ఆరు, ముప్పై ఏడు, హలో బావా, ఆఁ ఆఁ, నలభై నాలుగు..." మధ్యలో ఆరు చుట్లు ఆ బావ తినేసేవాడు.

మధ్యాహ్నం నాకు అన్నం గిన్నె తెచ్చే నా భార్య ఎస్తేరు ఆ పక్కనే కూర్చుని, "ముప్పై ఎనిమిది, తమ్మీ" అని అందించేది. పన్నెండేళ్లు అట్లా అందించింది. పాపం ఓపిక అనుకున్నాను. అది చదువు అని నాకు తట్టలేదు.

ఈ యాసంగిలో వరి పొట్టకొచ్చింది. బోర్లు అడుగంటి రోజుకు నాలుగు మోటర్లు కాలుతున్నాయి. సరిగ్గా అప్పుడే హలో విజేందర్ హైదరాబాదులో లిఫ్టుల కంపెనీలో చేరిపోయాడు. పోతున్నానని ఫోను కూడా చేయలేదు. జీవితంలో అతను చేయని ఫోను అదొక్కటే.

దుకాణంలో పదకొండు కాలిన మోటర్లు దవాఖాన వరండాలో రోగుల్లా పడి ఉన్నాయి. నేను తల పట్టుకున్నాను. ఎస్తేరు కొంగు నడుముకు దోపుకుంది.

"నేను చుడ్త."

"ఏంది?"

"ఇంకేంది, మోటరు."

"గది మొగోళ్ల పని ఎస్తేరూ. బలం గావాలె."

"బలం లేపేతందుకు గావాలె. లేపేది బోర్లల్ల మోటర్లు దింపే చోటే మియా గొలుసు. చుట్టేతందుకు చేతి ఏళ్లు గావాలె, లెక్క గావాలె. రెండూ నాకున్నయి. నీకే లెవ్వు."

"నలుగురు ఏమంటరు?"

"ఆ నలుగురి మోటర్లు గీడనే పడ్డయి. నీళ్లొస్తె ఏమంటరు? అబ్బ అంటరు."

మర్నాడు మధ్యాహ్నానికి మొదటి మోటరు తయారైంది. నీళ్ల డ్రమ్ములో ముంచి కరెంటు పెడితే తేనెటీగలా సన్నగా, నిలకడగా తిరిగింది. విజేందర్ చుట్టినవి తిరిగితే మరమిల్లులా మోగేవి. నాకు సంతోషం కలగాలి. కోపం వచ్చింది. ఇంత బాగా తిరగమని ఎవరు చెప్పారు?

వ్యాపారి కదా, వెంటనే లెక్క వేశాను. మా రైతు చేనులో నాటు ఆడదే వేస్తుంది, కలుపు ఆడదే తీస్తుంది, కోత ఆడదే కోస్తుంది. కానీ మోటరు ఆడది చుట్టిందని తెలిస్తే వాడు మోటరు ఎత్తుకుని అవతలి దుకాణానికి పోతాడు. ఇది అన్యాయమా అంటే అన్యాయమే. అన్యాయాన్ని ఎదిరించడానికి యాసంగి సరైన కాలం కాదని నా లెక్క.

అందుకని దుకాణం సగానికి తాడు కట్టి, ఎస్తేరు పాత నీలం చీరను పరదాగా వేలాడదీశాను.

"నా చీరతోనే నాకు పరదానా?"

"గీ సీజన్ ఒక్కటి అయిపోనీ. నేనే అందరికి చెప్త. చుట్టింది మా ఎస్తేరే అని నా నోటితోని చెప్త."

"నా పేరు చెప్పేతందుకు గూడ సీజన్ ఉంటదా?" అని లోపలికి పోయింది.

మొదట వచ్చినవాడు దుర్గయ్య. వాసన దుర్గయ్య అని పేరు. ఏ వస్తువునైనా ముక్కు దగ్గర పెట్టుకుని చూడందే తీసుకోడు. తన కాలిన మోటరును తానే వాసన చూసి, "ఎవలు చుడ్తాండ్రు బెంజమినన్నా?" అన్నాడు.

నోటికి వచ్చింది అనేశాను. "రాయచూరు నుంచి పెద్ద ఉస్తాద్‌ను తెచ్చిన. లోపలున్నడు. మనుషుల మొఖం సూస్తె ఆయనకు లెక్క తప్పుతది."

దుర్గయ్య వెంటనే గొంతు తగ్గించాడు. చెప్పులు విడిచి పరదాకు దండం పెట్టాడు. పదిహేడేళ్లలో నాకు ఎన్నడూ పెట్టని దండం అది.

వారంలో ఉస్తాద్ పేరు మక్తల్ దాకా పోయింది. విజేందర్ ముఖం ముందుంటే గీచి గీచి బేరమాడినవాళ్లు, ముఖం లేని ఉస్తాద్ దగ్గర కిక్కురుమనలేదు. పైగా కానుకలు. మూడు నాటుకోళ్లు, రెండు సీసాల కల్లు, ఒక గంప సీతాఫలాలు కాలం కాని కాలంలో ఎక్కడినుంచో. ఉస్తాద్ లేడు కనుక ఉస్తాద్ వాటా నేనే తినాల్సి వచ్చింది.

"ఉస్తాద్ కోడి తిన్నడా?" అనేది ఎస్తేరు పరదా వెనక నుంచి.

"తిన్నడు."

"చుట్టినోళ్లకు ఎముకలన్న మిగిలిచ్చిండా?"

ఇంకో విచిత్రం. ఈ ఎండాకాలం ఆడవాళ్లకు దాహం ఎక్కువైంది. మోటరు వెంట వచ్చిన ప్రతి ఆడమనిషి "జర నీళ్లు తాగొస్త" అంటూ పరదా వెనక్కి పోయేది. పావుగంటకు నవ్వుకుంటూ బయటికి వచ్చేది. మా కుండ నీళ్లు అంత చల్లగా ఉన్నాయని నేను గర్వపడ్డాను.

తర్వాత చోటే మియా వచ్చాడు. మూడు కాళ్ల స్టాండూ గొలుసూ పెట్టి బోర్లలోకి మోటర్లు దింపేది అతనే.

"బెంజమిన్ భాయ్, ఉస్తాద్‌కు పెండ్లయిందా?"

"ఎందుకు?"

"మా ఉమేరా లేదా? ఐటీఐల ఎలక్ట్రిషన్ పాసయింది. పది దుకాణాలు తిరిగినం. ఆడపిల్లకు పానా పట్టనిస్తమా అన్నరు. కమ్‌సే కమ్ గీ పని తెలిసినోనికన్న ఇద్దామని."

పరదా కింద నుంచి ఒక చీటీ జారింది. చోటే మియా తీసి చదివాడు. "పిల్లను పంపుండ్రి. పని నేర్పుత. పెండ్లి ముచ్చట తర్వాత." కళ్లకద్దుకున్నాడు. "ఏం చేతిరాత భాయ్! ముత్యాలు!"

ఆ సాయంత్రమే దుర్గయ్య భార్య బాలనర్సమ్మ తమ రెండో బోరు మోటరు కోసం వచ్చి అసలు బాంబు వేసింది.

మా దిక్కున ఒక పద్ధతి ఉంది. మోటరు బోరులో దింపాక మొదటిసారి స్టార్టర్ నొక్కాల్సింది చుట్టిన మనిషే. కాలితే వాడి కళ్ల ముందే కాలాలి. మాకు గ్యారంటీ కార్డు అదే. ఇన్నాళ్లూ ఉస్తాద్ పేరు చెప్పి దాన్ని దాటేస్తూ వచ్చాను.

"ఉస్తాద్ రావాలె," అంది బాలనర్సమ్మ. "పోయిన ఏడు విజేందర్ ఫోన్ల మాట్లాడుకుంట రాకనే పాయె. మూడో దినం మోటరు కాలె. రెండెకరాల వరి పొట్టమీదున్నది. ఇగ రెండు దినాలు ఆగితె అన్నీ తాలు గింజలే. చుట్టిన చెయ్యి నొక్కందే నేను కరెంటు పెట్టనియ్య."

"ఆయన బయటికి రాడక్కా."

"రాకుంటె మోటరు అవతలి దుకాణంల ఏస్తం."

ఎస్తేరును తీసుకుపోతే ఒక్క నిమిషంలో తెగిపోయేది. కానీ అబద్ధానికి అప్పటికే కోళ్లు తిన్నాను. మక్తల్‌లో పాత ఇనుము కొట్టు ముందు కాపలా ఉండే కాటమయ్యను పట్టుకొచ్చాను. అరవై దాటాయి, ముందు పళ్లు నాలుగు లేవు. తలకు రుమాలు చుట్టి, "నోరు తెరవకు. నేను సైగ చేస్తె పచ్చ బటన్ నొక్కు" అని చెప్పాను.

దుర్గయ్య చేను దగ్గర ముప్పైమంది చేరారు. చోటే మియా అత్తరు పూసుకుని మరీ వచ్చాడు. కాటమయ్యను చూశాడు. మళ్లీ చూశాడు.

"గీ ముసలోనికా నేను నా బిడ్డనిచ్చేది?"

"తర్వాత మాట్లాడుదాం మియా, ముందుగాల మోటరు," అన్నాను.

మోటరు దింపారు. స్టార్టర్ డబ్బాలో తీగలు కలపాలి. అందరూ ఉస్తాద్ వైపు చూశారు. ఉస్తాద్ ఆకాశం వైపు చూశాడు. "గిసొంటి చిన్న పనులు ఆయన ముట్టడు" అని మూడు తీగలూ నేనే బిగించాను. సైగ చేశాను. కాటమయ్య ఎర్ర బటన్ నొక్కాడు.

"పచ్చది!" అని పళ్లు కొరికాను.

మోటరు తిరిగింది. పైపులోంచి నీళ్లు ముక్కు కారినట్టు సన్నగా వచ్చాయి. దుర్గయ్య ముఖం పాలిపోయింది. పైపు మూతి వాసన చూశాడు.

"ఏమాయె ఉస్తాద్?" అందరూ ఒక్కసారే అడిగారు.

కాటమయ్య భయపడి నిజం చెప్పేశాడు. "నాకేమెర్క బాంచెన్! నేను ఇనుము కాడ కావలుంట."

అప్పుడు ఫోను తీశాను. బాలనర్సమ్మ, "ఫోను బయటికి వినవడెటట్టు పెట్టు" అంది. పెట్టాను.

"ఎస్తేరూ, దుర్గయ్య మోటరుకు నీళ్లొస్తలెవ్వు."

"ఉస్తాదున్నడు గద. అడుగు."

"ఉస్తాద్ లేడు."

"మరి చుట్టింది ఎవలు?"

ముప్పైమంది. నిండు ఎండ. "నువ్వే," అన్నాను.

"నువ్వే అంటె? నాకు పేరు లేదా?"

"చుట్టింది మా ఎస్తేరే! ఒక్కటి గాదు, గీ సీజన్ల ముప్పై ఆరు మోటర్లు చుట్టింది మా ఎస్తేరే!" అని అరిచాను.

ఫోనులో కాదు, నా వెనక నుంచి వినిపించింది జవాబు. "ముప్పై తొమ్మిది."

దుర్గయ్య గుడిసె పక్కనుంచి ఎస్తేరు వచ్చింది. చేతిలో టెస్టరు, మూతికి ఇంకా మజ్జిగ తడి. బాలనర్సమ్మ ఇంట్లో పొద్దుటి నుంచి కూర్చుని అన్నం కూడా తింది!

"తీగలు కలిపిందెవలు?"

"నేనే."

"రెండు తారుమారయినయి. మోటరు ఎనకకు తిరుగుతాంది. పదిహేడేండ్ల దుకాణం!" మెయిన్ తీసి, రెండు తీగలు మార్చి బిగించింది. పచ్చ బటన్ నొక్కింది. చేయంత లావు నీళ్లు ఎగిరి ఎదురుగా నిలబడ్డ ఉస్తాద్ రుమాలును ఎత్తుకుపోయాయి. ఆడవాళ్లు ఈలలు వేశారు. ఒక్కరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. ఆ దాహం ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది.

దుర్గయ్య తల గోక్కున్నాడు. "ముందుగాల్నే చెప్తె ఏమాయె అన్నా?"

"చెప్తె నువ్వు చుట్టనిద్దువా?" అంది ఎస్తేరు. గొంతులో నవ్వు లేదు. "లేని మొగోనికి కోళ్లు, కల్లు, దండాలు. ఏళ్లు తెగంగ చుట్టినదానికి పాత చీర పరదా. మీకు గావాల్సింది పనా, మీసమా?"

చోటే మియా ముందుకు వచ్చి, జేబులోంచి ఆ చీటీ తీసి చూపాడు. "గిది నువ్వే రాసినవా బెహన్? రేపటి నుంచి ఉమేరా వస్తది."

ఇప్పుడు దుకాణం ముందు బల్ల దగ్గర ఎస్తేరు, ఉమేరా కూర్చుంటారు. చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఇద్దరూ ఫోను ముట్టరు. పరదా మాత్రం తీయలేదు. దాని వెనక స్టవ్వు ఉంది. స్టవ్వు దగ్గర నేనున్నాను.

నిన్న ఎవరో కొత్త రైతు వచ్చి, "సేటు యాడున్నడక్కా?" అని అడిగాడు.

"లోపలున్నడు. ఛాయ్ పెడ్తాండు. మనుషుల మొఖం సూస్తె ఆయనకు చక్కెర లెక్క తప్పుతది," అంది ఎస్తేరు.

ఆ రైతు చెప్పులు విడవలేదు. దండం పెట్టలేదు. నెల రోజులైంది, పరదా వెనకున్న మనిషికి ఒక్కరంటే ఒక్కరు కోడిని తేలేదు. ఇది న్యాయమేనా? మీరే చెప్పండి.