‘తులౌ’ అనడం రాని వెలుగు

పాస్టరు తలకంటే ఎత్తున ఉండి వెలుగునిచ్చే అర్హత సూర్యచంద్రులకు తప్ప మరెవరికీ లేదని, సవాయి దీవిలోని ఒక చర్చివారి ప్రొజెక్టరు ఎంపిక కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. (నక్షత్రాల సంగతి వచ్చే సమావేశానికి వాయిదా పడింది.)

ప్రొజెక్టరు కావాలని అర్జీ పెట్టింది ఫువాటినో. ముప్పై ఒక్క ఏళ్లుగా అక్కడ సండే స్కూలు చెబుతోంది. ఈమధ్య బైబిలు తెరిస్తే అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి. గోడ మీద అరచేతంత అక్షరాలు పడితే తన తరగతి ఇంకొన్నాళ్లు తన దగ్గరే ఉంటుందని ఆమె ఆశ. లేదంటే అది కమిటీ అధ్యక్షుడు అసోవాగారి కోడలికి పోతుంది.

రాజధాని ఆపియా నుంచి వచ్చిన దుకాణం మనిషి మిషనును పైకప్పుకు బిగిద్దామన్నాడు.

“పాస్టరుగారి నెత్తిన కూర్చోబెడతావా? ఏ ఊరివాడివయ్యా నువ్వు?” అన్నాడు అసోవా.

“పోనీ, వెనకాల బల్ల మీద పెడదామండి.”

“అక్కణ్ణుంచి వెలుగు పెద్దల తలల మీదుగా పోవాలి. మనుషులమైతే నడుం వంచి ‘తులౌ, తులౌ’ అనుకుంటూ దాటతాం. నీ మిషనుకు ఆ మాత్రం మర్యాద తెలుసా?”

దుకాణం మనిషి చేతిలోని కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. అందులో గ్యారంటీ ఉంది, క్షమాపణ లేదు.

ఫువాటినో ఉండబట్టలేకపోయింది. “దాని బదులు నేనంటాలే తమ్ముడూ. బొమ్మ మారినప్పుడల్లా అంటాను.”

“బాగుందక్కా!” అన్నాడు అసోవా. “పిల్లలకు పాఠం చెబుతావా, మిషనుకు మర్యాద నేర్పుతావా?”

చివరికి పాస్టరు మోకాలు దాటని ఎత్తులో, ఆయన ఎదుటే, నేల మీద పెట్టారు. (మోకాలిని ఇద్దరు పెద్దలు టేపుతో కొలిచారు.) ఆదివారం కిటికీల్లోంచి సముద్రం మీది ఎండంతా లోపలికొచ్చింది. గోడ మీద ఒక్క ముక్క కనిపించలేదు. కనిపించిందల్లా ఎదురుగా నిలబడ్డ పాస్టరుగారి తెల్లకోటు మీదే. పది ఆజ్ఞల్లో దొంగతనం గురించినది సరిగ్గా ఆయన జేబు మీద పడింది.

ముందు వరసలో ఫువాటినో లేచి నిలబడి, పదీ ఎక్కడా తడబడకుండా గడగడా చదివింది. ఏడాదిలో అంత హాయిగా చదవడం అదే మొదలు. పిల్లలు మాత్రం వ్యభిచారం గురించిన ఏడో ఆజ్ఞ ఎక్కడ పడిందో చూసి, ఆమెన్ దాకా నవ్వు ఆపుకోలేకపోయారు.

కమిటీ ఆ మధ్యాహ్నమే కూర్చుంది. మిషనును తిరిగి పెట్టెలో పెట్టి, గౌరవంగా మేలురకం చాప చుట్టి, వేదిక పక్కన అలంకరించాలని నిర్ణయించింది. ప్రొజెక్టరున్న చర్చికి చూపు ఆనని టీచరు తగదని కూడా అభిప్రాయపడింది. రుజువుగా ఫువాటినో అర్జీనే జతచేసింది.

“నువ్వడిగింది వచ్చిందిగా అక్కా,” అన్నాడు అసోవా ప్రేమగా. “ఇక విశ్రాంతి తీసుకో. తరగతి మా కోడలు చూసుకుంటుంది.”

ప్రతి శనివారం ఆ పెట్టె మీద దుమ్ము తుడిచే పని ఫువాటినోకు అప్పగించారు. దానికి చూపు అక్కర్లేదని కమిటీ ప్రత్యేకంగా నమోదు చేసింది.